పడని రాజు

క్లైవ్ హెబ్‌డిచ్ ఏటా జూన్ ఇరవై ఒకటిన తెల్లవారుజామున నాలుగూ యాభైకి కింద పడాలి. పద్దెనిమిదేళ్ళ క్రితం ఆ నియమం పెట్టింది ఆయనే. మొదట్లో చాలా బాగా పడేవాడు. రెండు చేతులూ చాపి, ఒక మూలుగు మూలిగి, గడ్డిలో బోర్లా పడి, మేం పాడే పాట అయ్యేదాకా కదిలేవాడు కాదు.

మా ఆడ్‌కోంబ్‌లో పాత దేవతల్ని కొలిచేవాళ్ళం పదకొండు మందిమి ఉన్నాం. ఏడాదికి ఎనిమిది పండగలు. పొద్దు తిరిగే రోజులు రెండు, పగలూ రాత్రీ సమానమయ్యే రోజులు రెండు, వాటి మధ్య మధ్య ఇంకో నాలుగు. అన్నింటికీ క్రూక్ గుట్ట మీద, గిల్బర్ట్ లవ్‌డే గొర్రెలు మేపుకునే చోట కలుస్తాం. దాదాపు అన్నింటికీ వాన పడుతుంది. ఈ కథ మొదలయ్యేనాటికి సూర్యుడు మా పూజకి స్వయంగా వచ్చింది మూడుసార్లే. నేను ముప్పై ఏళ్ళు బడి వంటగదిలో పనిచేసినదాన్ని కాబట్టి ప్రసాదం నా వంతు. తేనె కేకులు చేస్తాను. పేరు మేవిస్. బృందంలో నాకు 'గోధుమతల్లి' అని పేరు పెట్టారు గానీ, కేకులు అయిపోయాయా అని అడిగేటప్పుడు అందరూ మేవిస్ అనే పిలుస్తారు.

క్లైవ్ ముప్పై ఒక్క ఏళ్ళు డ్రైవింగు పరీక్షలు పెట్టిన మనిషి. ఊళ్ళో సగం మందిని ఫెయిల్ చేశాడు, నన్ను రెండుసార్లు. రిటైరయ్యాక తొమ్మిది నెలలు ఇంట్లోనే ఉన్నాడు. భార్య సిల్వియా బంగాళాదుంపల చెక్కు తీస్తుంటే వెనకాల నిలబడి చూసేవాడట. ఏమీ అనేవాడు కాదట, చూసేవాడంతే. చివరికి ఆవిడే, ఏదో ఒక మతంలో చేరు, నేను వెళ్ళే చర్చి తప్ప ఏదైనా నాకు సమ్మతమే అంది. అలా పుట్టింది మా బృందం.

ఏడాదిని ఇద్దరు రాజులు పంచుకుంటారని మా నమ్మకం. వెలుగు పెరిగే ఆరు నెలలు ఓక్ చెట్టు రాజువి. వెలుగు తగ్గే ఆరు నెలలు, చలికాలంలో కూడా పచ్చగా ఉండే ముళ్ళాకుల రాజువి. డిసెంబరులో ఇద్దరూ కర్రలతో పోరాడితే ఓక్ రాజు గెలుస్తాడు. జూన్‌లో మళ్ళీ పోరాడితే ముళ్ళాకుల రాజు గెలుస్తాడు. ఎడమకి మూడు దెబ్బలు, కుడికి మూడు. ఏడో దెబ్బకి ఓడాల్సినవాడు పడాలి, దుప్పి కొమ్ముల కిరీటం రెండోవాడికి పోవాలి. అంతే, పెద్ద చిక్కేమీ లేదు.

ఓక్ రాజు ఎప్పుడూ క్లైవే. ముళ్ళాకుల రాజు డెస్మండ్ వికరీ, పియానోలకి శ్రుతి సరిచేసే మనిషి. ఎవరితోనూ గొంతు పెంచి మాట్లాడి ఎరగడు. పద్దెనిమిది డిసెంబర్లు మంచులో పడ్డాడు, బురదలో పడ్డాడు, ఒకసారి గొర్రె పెంటలో పడ్డాడు. పడ్డ ప్రతిసారీ లేచి, కోటు దులుపుకుని, క్లైవ్‌కి అభినందనలు చెప్పాడు.

ఒక ఏడు జూన్‌లో క్లైవ్ పడ్డ తీరు మాత్రం మమ్మల్ని కదిలించింది. పాట అయిపోయినా లేవలేదు. కళ్ళు మూసుకుని, అరచేతులు నేలకి ఆనించి అలాగే ఉండిపోయాడు. "భూమాతతో మాట్లాడుతున్నాను, మీరు వెళ్ళండి," అన్నాడు సన్నగా. మేం చప్పుడు చెయ్యకుండా, చెప్పులు చేత్తో పట్టుకుని గుట్ట దిగాం. యోగా నేర్పే టామ్సిన్ దారి పొడుగునా ఏడ్చింది.

మరుసటి ఏడు జూన్‌లో ఏడో దెబ్బకి క్లైవ్ పడలేదు. పక్కకి జరిగాడు. కర్రతో సహా ముందుకి తూలిన డెస్మండ్ వెళ్ళి దురదగొండి పొదలో పడ్డాడు.

ఎవరికీ ఏం చెయ్యాలో తోచలేదు. ఇద్దరు ముగ్గురు పాట మొదలుపెట్టి ఆపేశారు.

"పొద్దు ఇంకా తిరగలేదు," అన్నాడు క్లైవ్. అంగీ మడతల్లోంచి ఒక కాగితం తీసి చూపించాడు. "సరిగ్గా ఆ క్షణం మధ్యాహ్నం మూడూ యాభై ఎనిమిదికి. ఇప్పుడు నేను దిగిపోతే పదకొండు గంటలపాటు లోకానికి రాజు ఉండడు."

డెస్మండ్ పొదలోంచి లేచి చేతులు గోక్కుంటున్నాడు. "ఇన్నేళ్ళూ పొద్దున్నే కదండీ దిగారు."

"ఇన్నేళ్ళూ తప్పు చేశాం, డెస్మండ్. తప్పు అని తెలిశాక కూడా చేస్తే దాన్నేమంటారు?"

డెస్మండ్ ఒంటికంటిన దురదగొండి ఆకులు ఏరేసుకున్నాడు. సరే, మధ్యాహ్నం వస్తానన్నాడు.

మధ్యాహ్నం నలుగురమే వెళ్ళాం, మిగతావాళ్ళకి ఉద్యోగాలున్నాయి. డెస్మండ్ బడిలో పియానో పని ముగించుకుని పరుగెత్తుకుంటూ గుట్టెక్కేసరికి నాలుగూ ఐదైంది. క్లైవ్ గడియారం చూశాడు. మా ఊళ్ళో పరీక్షకి ఆలస్యంగా వెళ్ళినవాళ్ళందరూ ఎరిగిన చూపు అది.

"ఏడు నిమిషాలు," అన్నాడు. "క్షణం దాటిపోయింది. నా చేతుల్లో ఏమీ లేదు."

ఆగస్టు ఒకటిన రొట్టెల పండగ. ఈసారి నేనే అడిగాను, ఇప్పుడు కానిచ్చేద్దామా అని. కోతలు పూర్తికాకుండా రాజుని మారిస్తే పంటకి అరిష్టం అన్నాడు క్లైవ్. గిల్బర్ట్ పొలంలో గొర్రెలు తప్ప పంట లేదన్నాను. "పంట అంటే విశాలమైన అర్థంలో తీసుకోవాలి, మేవిస్," అన్నాడు. విషయాన్ని పరిశీలించడానికి ముగ్గురితో ఒక కమిటీ వేశాడు. దానికి అధ్యక్షుడు కూడా తనే.

చెప్పొద్దూ, అప్పటికి మాలో సగం మంది ఆయన వైపే ఉన్నారు. ఆ జూలైలో పన్నెండు రోజులు ఎండ కాసింది. అంతకుముందు ఏడాది తొమ్మిది రోజులే.

"ఆయన దిగలేదు కాబట్టే కదా ఎండ నిలబడింది," అంది టామ్సిన్. "బాగా జరుగుతున్నప్పుడు మార్చడం దేనికి?"

"కానీ పగళ్ళు తగ్గుతూనే ఉన్నాయిగా," అన్నాడు డెస్మండ్.

"తగ్గుతున్నాయి. కానీ నెమ్మదిగా తగ్గుతున్నాయి. నాకు తేడా తెలుస్తోంది."

సెప్టెంబరులో పగలూ రాత్రీ సమానమయ్యే రోజు వచ్చింది. వెలుగూ చీకటీ సరిసమానంగా ఉన్న రోజున పోరాటం పెడితే న్యాయంగా ఎవరూ గెలవకూడదనీ, అప్పుడు కిరీటం ఉన్నచోటే ఉండాలనీ కమిటీ తేల్చింది. అక్టోబరు చివర చనిపోయినవాళ్ళ పండగ. పెద్దలు చూడవస్తే వాళ్ళ ముందు కర్రలు పట్టుకుని కొట్టుకోవడం మర్యాదా అని అడిగాడు క్లైవ్. నాకు మా అమ్మ గుర్తొచ్చి నేనూ నోరు మూసుకున్నాను.

నవంబరులో ఒక శనివారం సిల్వియా నన్ను చర్చి హాలుకి రమ్మంది. పాత బట్టల అమ్మకం ఉంది, టీ కాయడానికి మనిషి కావాలి. సిల్వియా మా బృందంలో లేదు గానీ, మాకు వేడినీళ్ళ సీసాలు మోసేదీ, తడిసిన అంగీలు ఉతికేదీ ఆవిడే. కప్పులు కడుగుతూ ఉన్నట్టుండి అంది.

"మీ రాజ్యాంగ సంక్షోభం ఎందాకా వచ్చింది?"

"డిసెంబరు దాకా వచ్చింది. కమిటీ ఏం చెప్తుందో తెలీదు. ఇంట్లో ఏమంటున్నాడు?"

"పురాణాలు వెతుకుతున్నాడు. ఐర్లండులో ఏదో రాజు పన్నెండేళ్ళు దిగలేదట." ఒక కప్పు వెలుగుకెత్తి చూసి మళ్ళీ నీళ్ళలో పడేసింది. "మేవిస్, ఇది నువ్వు ఎవరికీ చెప్పకూడదు. ఆయనకి మోకాలు పోయింది."

"ఏ మోకాలు?"

"కుడిది. పడితే లేవలేడు. కిందటేడు భూమాతతో మాట్లాడాడే, మీరంతా చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చేశారు చూడు. గంటన్నర మాట్లాడాడు. ఆవిడ వదిలిపెట్టక కాదు. చివరికి నాకు ఫోన్ చేస్తే నేనెళ్ళాను. నేను ఒక చెయ్యి, నడుము నొప్పితో ఉన్న ఆ గిల్బర్ట్ ఒక చెయ్యి. గొర్రెని లేపినట్టు లేపాం."

నాకు నవ్వొచ్చింది. సిల్వియా నవ్వట్లేదని చూసి ఆపుకున్నాను.

"ఆ ముక్క చెప్తే సరిపోయేదిగా. మేమేమైనా అనేవాళ్ళమా?"

"ఆయనకి చెప్పు ఆ మాట. ఆపరేషన్‌కి పేరు రాయించుకోమంటే, అది ముసలాళ్ళకి అంటాడు. డెబ్బై ఎనిమిది నిండుతున్నాయి." తువ్వాలుకి చేతులు తుడుచుకుంది. "ముప్పై ఒక్క ఏళ్ళు, పక్క సీట్లో కూర్చున్నవాళ్ళ కాళ్ళు వణుకుతుంటే చూసిన మనిషి. ఇప్పుడు తన కాలు వణుకుతుంటే ఎవరూ చూడకూడదు. అందుకని సూర్యుణ్ణే ఆపేద్దామనుకున్నాడు పాపం."

ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. అది నాకు పెద్ద బరువైపోయింది. ఎందుకంటే, పదిహేను రోజుల తర్వాత డెస్మండ్ నోరు విప్పాడు.

మా ఇంట్లోనే సమావేశం. డిసెంబరు పండగకి ఎవరు ఏం తేవాలో పంచుకుంటున్నాం. క్లైవ్ మామూలుగా జాబితా చదువుతూ, "ఏడో దెబ్బకి డెస్మండ్ పడతాడు," అన్నాడు.

"నేను పడనండి," అన్నాడు డెస్మండ్.

పద్దెనిమిదేళ్ళలో ఆయన నోట మేం విన్న మొదటి 'కాదు' అదే.

"నేను రాజునే కాలేదు కదా," అన్నాడు అదే మెత్తటి గొంతుతో. "రాజుని కాకుండా రాజ్యం ఎలా పోగొట్టుకుంటాను? మీరు జూన్ నుంచీ దిగనే లేదు. ఇప్పుడు నన్ను ఓడించి ఏం గెలుస్తారు? మీ రాజ్యాన్నేగా? మీ రాజ్యం మీరు గెలుచుకోవడానికి నేనెందుకు మంచులో పడాలి?"

కమిటీ సభ్యులు తమ కాగితాలు తిరగేశారు. టామ్సిన్ కూడా ఆలోచనలో పడింది. చాలాసేపు చర్చ జరిగాక ఒక మాటకి వచ్చాం. డిసెంబరు ఇరవై ఒకటిన రెండు పోరాటాలు. ముందు జూన్‌ది, క్లైవ్ పడతాడు. డెస్మండ్ కిరీటం పెట్టుకుంటాడు. ఒక పాట పాడతాం. తర్వాత డిసెంబరుది, డెస్మండ్ పడతాడు. చేతులెత్తమంటే పది చేతులు లేచాయి. క్లైవ్ చెయ్యి ఒళ్ళో ఉంది.

"గడ్డకట్టిన నేల మీద ఎందుకులెండి," అన్నాను నేను తొందరగా. "క్లైవ్ తల వంచితే చాలదా? పడ్డట్టే లెక్క."

"నేను పద్దెనిమిదిసార్లు పడ్డాను, మేవిస్," అన్నాడు డెస్మండ్. "ఒకసారి కూడా ఎవరూ లెక్క వెయ్యలేదు."

క్లైవ్ నా వైపు చూశాడు. నాకెందుకంత జాలి పుట్టిందో లెక్కగట్టాడనుకుంటాను, ఆయన మొహం ఎర్రబడింది. "పడతాను," అని జాబితా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

డిసెంబరు ఇరవై ఒకటిన పొద్దున ఎనిమిదింటికి గుట్ట మీద ఉన్నాం. వాన లేదు. నేలంతా మంచు పేరుకుని, కాలు వేస్తే కరకరలాడుతోంది. సిల్వియా కూడా వచ్చింది, చేతిలో వేడినీళ్ళ సీసా. నేను ఆవిడ పక్కన నిలబడ్డాను. క్లైవ్ ఊదారంగు అంగీ కింద గొర్రెల కాపరులు తొడిగే మందపాటి ప్యాంటు వేసుకున్నాడు. నెత్తిన దుప్పి కొమ్ములు.

ఎడమకి మూడు. కుడికి మూడు. ఏడో దెబ్బ డెస్మండ్ చాలా మెల్లిగా వేశాడు, భుజానికి తగిలిందో లేదో. క్లైవ్ ఒక్క క్షణం నిలబడ్డాడు. సిల్వియా నా చెయ్యి పట్టుకుంది. ఆయన రెండు చేతులూ చాపాడు, ఒక మూలుగు మూలిగాడు, పాతరోజుల్లో పడ్డట్టే బోర్లా పడ్డాడు. కొమ్ములు ఊడి దొర్లుకుంటూ పోయాయి.

అంత బాగా పడటం మేం ఎన్నడూ చూడలేదు. ఎవరో చప్పట్లు కొట్టారు.

డెస్మండ్ కిరీటం తీసుకుని పెట్టుకున్నాడు. పాట పాడాం. అయిపోయింది. ఇప్పుడు క్లైవ్ లేచి కర్ర పట్టుకోవాలి. లేవలేదు.

"భూమాతతో మాట్లాడుతున్నారు," అని గుసగుసలాడింది టామ్సిన్.

డెస్మండ్ వంగి చెయ్యి అందించాడు. క్లైవ్ ఆ చెయ్యి పట్టుకుని, మోకాలు ఒకసారి కదిపి, మళ్ళీ నేలకి చేరాడు. ఆయన ఏదో అన్నాడు, మాకు వినపడలేదు. డెస్మండ్‌కి వినపడింది. చాలాకాలం తర్వాత నాకు చెప్పాడు, క్లైవ్ అన్నది రెండే మాటలట. "వాళ్ళకి చెప్పకు."

డెస్మండ్ నిటారుగా నిలబడి మా అందరి వైపూ చూశాడు. ఆ తర్వాత ఆ మంచులో క్లైవ్ పక్కనే, కొమ్ముల కిరీటంతో సహా, వెల్లకిలా పడుకున్నాడు.

"ఇద్దరు రాజులూ భూమిని తాకాలి," అన్నాడు ఆకాశంలోకి చూస్తూ. "ఇది చాలా పాత పద్ధతి."

ఆయన అబద్ధమాడగా కూడా నేను వినడం అదే మొదలు. టామ్సిన్ వెంటనే పడుకుంది. ఆమెని చూసి మిగతావాళ్ళు. నిజం తెలిసినదాన్ని నేనొక్కదాన్నే నిలబడితే బాగోదని నేనూ పడుకున్నాను. వీపంతా జివ్వుమంది. సిల్వియా మాత్రం, "నాది వేరే మతం," అని నిలబడి టీ పోసుకుంది.

అలా పదకొండు మందిమీ పడి ఉండగా గిల్బర్ట్ లవ్‌డే ట్రాక్టరు మీద గొర్రెలకి గడ్డి కట్టలు తీసుకుని గుట్టెక్కాడు. ఇంజను ఆగింది.

"ఎవరైనా బతికున్నారా?" అన్నాడు.

"అందరూ బతికే ఉన్నారు గిల్బర్ట్," అంది సిల్వియా. "క్లైవ్‌ది మళ్ళీ మోకాలు."

అంతటితో రహస్యం అయిపోయింది. పది తలలు గడ్డిలోంచి లేచి క్లైవ్ వైపు తిరిగాయి.

"ఈసారి నా నడుము వల్ల కాదు," అన్నాడు గిల్బర్ట్. "ముందు పట్టీలు తెస్తాను ఉండండి."

ట్రాక్టరు ముందు గడ్డి కట్టలు ఎత్తే ఇనప కమ్మీల మీద ఒక చెక్క పరిచి, దాని మీదకి కొందరం కలిసి క్లైవ్‌ని దొర్లించి, నడుముకి పట్టీ వేశాం. గిల్బర్ట్ మీట లాగాడు. ఊదారంగు అంగీలో, మంచు అంటిన గడ్డంతో, మా ఓక్ రాజు మెల్లమెల్లగా పైకి లేచాడు. సరిగ్గా అప్పుడే ఆయన వెనకాల మబ్బు విడి సూర్యుడొచ్చాడు. పద్దెనిమిదేళ్ళలో నాలుగోసారి. టామ్సిన్‌కి ఏడవడానికి కూడా కుదరలేదు, పట్టీ పట్టుకుని ఉంది.

"డెస్మండ్," అన్నాడు క్లైవ్ పైనుంచి. "నువ్వింకా పడాల్సి ఉంది."

"నేను కిందే ఉన్నానుగా," అన్నాడు డెస్మండ్. నిజమే, ఆయన ఇంకా లేవలేదు. పడుకునే కిరీటం తీసి పైకి అందించాడు. కింద నుంచి అంతెత్తు అందకపోతే గిల్బర్ట్ కమ్మీలు కొంచెం దించాడు.

మార్చిలో క్లైవ్‌కి ఆపరేషన్ అయింది. ముళ్ళాకుల రాజే ఆయన్ని కారులో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. కొత్త మోకాలు బాగానే ఉంది గానీ, డాక్టరు పడటాలూ లేవటాలూ వద్దన్నాడు. ఈ మధ్య డెస్మండ్‌కీ నడుము పట్టేస్తోంది. అందుకని ఆ జూన్‌కి సిల్వియా చర్చి హాలు నుంచి రెండు మడత కుర్చీలు అడిగి తెచ్చింది. ఎదురెదురుగా కూర్చుని ఎడమకి మూడు, కుడికి మూడు కొట్టుకున్నారు. ఏడో దెబ్బకి క్లైవ్ వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. కిరీటం డెస్మండ్‌కి పోయింది. నాలుగూ యాభై ఒకటికల్లా అంతా అయిపోయింది. ఇంత తేలిక పనికి ఏడాది పట్టింది.

ఆ రోజు పెన్‌స్టోక్ నుంచి ఇంకో బృందంవాళ్ళు ఆరుగురు చూడటానికి వచ్చారు. ఫొటోలు తీసుకున్నారు, నా కేకులన్నీ తిన్నారు, ఒకావిడ కుర్చీల వెనక రాసి ఉన్న 'చర్చి హాలుది, బయటికి తీసుకుపోరాదు' అన్నది కూడా శ్రద్ధగా చదివింది. సెప్టెంబరులో వాళ్ళ కరపత్రం మాకు పోస్టులో వచ్చింది. రోమన్లు ఈ దేశానికి రాకముందు ఇక్కడి రాజులు సింహాసనాల మీద కూర్చునే యుద్ధం చేసేవారనీ, లేచి కొట్టుకోవడం తర్వాత వచ్చిన చెడు అలవాటనీ, ఆ ప్రాచీన పద్ధతిని తమ బృందం పునరుద్ధరిస్తోందనీ అందులో ఉంది.

క్లైవ్ కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. కోప్పడతాడనుకున్నాను.

"వీళ్ళకి ఇదంతా ఎక్కడ దొరికిందో గానీ, అర్థవంతంగా ఉంది," అన్నాడు.

అక్టోబరులో మా బృందంలో కొత్తగా ఇద్దరు చేరారు. కుర్చీలెందుకని వాళ్ళు అడిగితే, రోమన్లకి ముందు నుంచీ ఇంతే అని చెప్పాడు. డెస్మండ్ ఆయన పక్కనే నిలబడి అవునన్నట్టు తలూపాడు.